గోలీలోకి నీళ్లు పాకడం చూపే కెమెరా: చాన్నాళ్లు వాడాక

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మాది మందు గోలీల్లో ఏం, ఎంత కలపాలో చూసే చిన్న ఫార్ములేషన్ ల్యాబ్. మాక్రో లెన్స్, లైటు, సాఫ్ట్‌వేర్ కలిపి వచ్చే సెటప్ ఇది. ఫ్రేమ్ రేట్ల సంగతి బ్రోచర్లో ఉంటుంది. నాకు నచ్చింది ఒక్కటే: గోలీని నిలబెట్టి అంచును నీటికి తాకిస్తే, తడి గీత పైకి పాకడం కళ్లెదుటే కనిపిస్తుంది.

పోయిన వానాకాలం ఒక బ్యాచ్ మమ్మల్ని ఏడిపించింది. హార్డ్‌నెస్, బరువు, అస్సే (మందు ఎంతుందో చూసే టెస్టు) అన్నీ ఓకే; డిసల్యూషన్, అంటే మందు కరగడం, మాత్రం నిదానం. 37 డిగ్రీల నీళ్లలో చేసే డిసింటిగ్రేషన్ టెస్టు గోలీ ఎప్పుడు విడిపోయిందో చెబుతుంది గానీ, ఎందుకు ఆలస్యమైందో చెప్పదు. మంచి బ్యాచ్ గోలీని దీని పక్కన పెట్టి కెమెరా ఆన్ చేశాం. మంచిదాంట్లో గీత చకచకా ఎక్కింది, కింది అంచు ఉబ్బి పొరలుగా విచ్చుకుంది. రెండోది నీళ్లను ముట్టుకుని అట్లనే నిలబడింది. దాని మీద చుక్క వేస్తే తామరాకు మీది బొట్టులా గుండ్రంగా కూర్చుంది.

అనుమానం గోలీలు మిషన్‌కు అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ మీదికి పోయింది. అది కలిపాక బ్లెండర్ ఎక్కువసేపు తిరిగితే, ఆ జిడ్డు పొడి రేణువులకు పూతలా పట్టేసి నీళ్లను రానివ్వదు. "ఏంది సార్, గోలీకి సినిమా తీస్తున్నరా?" అని నవ్విన ప్రొడక్షన్ అన్నే వీడియో చూసి లాగ్‌బుక్ పట్టుకొచ్చిండు. షిఫ్టు మారే టైంలో బ్లెండర్ ఆపలేదు.

అప్పటి నుంచి ఈ కెమెరాను పొగడని రోజు లేదు. కాకపోతే ఇది చూపేది పైపొరనే. గీత బాగా కనబడాలని మిథిలీన్ బ్లూ కలుపుతాం. ఆ రంగు, గోలీని ఉబ్బించి విడగొట్టే డిసింటిగ్రెంట్ అయిన క్రాస్‌కార్మెలోజ్‌కు అంటుకుని వెనకబడుతుంది, నీళ్లు ముందే పోతాయి. కొలవాల్సింది నీలానికి ముందు నడిచే పలుచటి తడి నీడను. సాఫ్ట్‌వేరేమో నీలాన్నే పట్టుకుంటుంది, చేత్తో గీత గీసుకోవాల్సిందే. ఈ చిరాకు ఇంకా పోలేదు. సన్న రంధ్రాల్లోకి నీళ్లు పాకడం గురించిన 1921 నాటి వాష్‌బర్న్ లెక్క ప్రకారం తడి గీత ఎత్తు వర్గం (స్క్వేర్) టైంతోపాటు సమంగా పెరగాలి. మా గోలీల్లో మొదట్లో అట్లనే ఉంటుంది, డిసింటిగ్రెంట్ ఉబ్బి రంధ్రాలు మారగానే గ్రాఫు వంగుతుంది.

మేం చేసేవి కోటింగ్ లేని, తొందరగా విడిపోయే తెల్ల గోలీలు. వాటికైతే మళ్లీ ఇదే కొంటాను. హెచ్‌పీఎంసీ అనే పాలిమర్‌తో జెల్ కట్టే ఎస్ఆర్ (మందును నిదానంగా వదిలే) గోలీల లోపల నీళ్లు ఎంతదాకా పోయాయో చూడాలంటే ఎంఆర్ఐ కావాలి, ఆ ఖర్చు వేరు. ముదురు రంగు కోటింగ్ వేసేవాళ్లు మాత్రం మీ గోలీలే జేబులో వేసుకుపోయి డెమో అడగండి, అమ్మేవాళ్లు పెట్టే శాంపిల్ చూసి చెక్కు రాయకండి.