లేజర్ అయి మూడేళ్లు, స్టాకింగ్స్‌తో ఆరేళ్లు: నా కాళ్ల సంగతి

మాది సూళ్లూరుపేట. చెన్నై టి.నగర్‌లో ఒక చీరల దుకాణంలో కాటన్ సెక్షన్ చూస్తాను. పద్దెనిమిదేళ్లుగా రోజుకు పది గంటలు కౌంటర్ వెనక నిలబడే పని. ఆడి నెల తగ్గింపు అమ్మకాల్లో, దీపావళి ముందు పన్నెండు గంటలు కూడా అవుతుంది. సాయంత్రానికి చీలమండలు వాచేవి, పిక్కల్లో మంట, రాత్రి నిద్రలో కాలు పట్టేసి లేచి కూర్చునేదాన్ని. కుడి మోకాలి కింద వంకర్లు తిరిగి ఒక తాడులా తేలింది. తొడ మీద సన్నటి నీలం, ఎరుపు గీతలు.

మనం దీన్ని ‘నరాలు ఉబ్బాయి’ అంటాం. ఇక్కడ తమిళంలోనూ నరంబు సురుట్టు అనే అంటారు. నేను కూడా డాక్టర్ దగ్గర అలాగే చెప్పాను. కాలు చూడకుండానే నరాల బలానికి విటమిన్ మాత్రలు రాశారు. ఏడాది మింగాను. ఉబ్బింది నరం కాదు, సిర, అంటే రక్తాన్ని గుండె వైపు తీసుకెళ్లే నాళం. ఈ జబ్బునే వెరికోస్ వెయిన్స్ అంటారు. కాళ్లలో రక్తం పైకి వెళ్లాలి కాబట్టి సిరల్లో చిన్న కవాటాలుంటాయి, అవి రక్తాన్ని కిందికి జారనివ్వవు. అవి వదులైతే రక్తం వెనక్కి దిగి, సిర సాగి మెలికలు తిరుగుతుంది. నడిచినప్పుడు పిక్క కండరం పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. మేము నడవం, నిలబడతాం. చేటు అక్కడే ఉంది.

2018లో నేను చేసిన పొరపాటు ముందే చెబుతాను. తొడ మీద గీతలు పోతాయన్నారని ఒక స్కిన్ క్లినిక్‌లో నాలుగు సార్లు ఇంజెక్షన్లు చేయించుకున్నాను. స్కాన్ తీయలేదు, నేనూ అడగలేదు. గీతలు మాయమయ్యాయి. ఏడాది తిరక్కుండా అక్కడే, చుట్టూ ఎర్రటి నూగులా ఇంకా సన్నవి వచ్చాయి. ఇంజెక్షన్ మందు చెడ్డదేమీ కాదు, స్పైడర్ వెయిన్స్‌కి, అంటే ఇలాంటి సన్నగీతలకి, చేసేది అదే. కానీ లోపల పెద్ద సిర లీకవుతుంటే పైగీతలకు చేసిన వైద్యం నిలవదు. పైపు పగిలి గోడ చెమ్మెక్కితే సున్నం వేసినట్టే.

ఆ పైపును చూపించేది డాప్లర్ స్కాన్, సిరలో రక్తం ఎటు పోతోందో చూపే అల్ట్రాసౌండ్. నిలబెట్టి తీయాలి. 2019లో నాకు తీసిన అమ్మాయి తిరుపతి పిల్ల. ‘అక్కా, బరువంతా ఎడమ కాలి మీద వేసి ఆ కమ్మీ పట్టుకోండి, కదలొద్దు’ అని కుడి పిక్క నొక్కి వదిలింది. తెర మీద నీలం రంగు పైకి వెళ్లింది. చెయ్యి తీయగానే అంతా ఎర్రగా మారి కిందికి దిగడం మొదలైంది, దిగుతూనే ఉంది. అర సెకను దాటి వెనక్కి వస్తే కవాటం పోయినట్టు లెక్కట. నాది మూడు సెకన్లు. గజ్జల నుంచి చీలమండ దాకా వచ్చే పెద్ద సిరలో లోపం అని తేలింది. అది చూశాక నాకు భయం వేయలేదు, ఇన్నాళ్ల నొప్పికి కారణం కళ్లతో చూశానన్న ఊరట కలిగింది.

అయినా పాడైన సిరను వేడితో మూసే లేజర్ అనగానే జంకి, మూడేళ్లు స్టాకింగ్స్‌తోనే, అంటే కాలిని బిగించి పట్టే మేజోళ్లతోనే గడిపాను. క్లాస్ 2, అంటే చీలమండ దగ్గర 23 నుంచి 32 మి.మీ. పాదరసం ఒత్తిడి, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. వీటి గురించి ఒక్క మాట కూడా తగ్గించి చెప్పను, పని చేస్తాయి. మొదటి వారానికే సాయంత్రం వాపు సగమైంది. కానీ ఉదయం మంచం దిగకముందే వేసుకోవాలి, కాలు వాచాక ఎక్కవు. మడమ దాకా లోపలికి తిప్పి, మడమ గూడు సరిగ్గా కూర్చోబెట్టి, గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులతో కొంచెం కొంచెంగా పైకి జరపాలి. పై అంచు మడిచి దిగలాగితే అక్కడ కట్టు కట్టినట్టు బిగుసుకుంటుంది, ఆ పని చేయొద్దు. మే నెలలో చెన్నై ఉక్కపోత, కరెంటు లేని ఉదయం చెమట కాలికి ఇవి ఎక్కించడం నరకం. రెండు జతలుంటే మార్చి మార్చి ఉతుక్కోవచ్చు, పిండకుండా నీడలో ఆరేయాలి. ఆరు నెలలకు సాగుడు పోతుంది. కాలికి రక్తం తెచ్చే ధమనుల్లో అడ్డంకి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అసలు వేయకూడదు.

అయితే స్టాకింగ్స్ పాడైన కవాటాన్ని బాగుచేయవు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో కూడా ముందు వేడితో సిర మూసే పద్ధతి, కుదరకపోతే మందును నురగలా చేసి సిరలోకి ఎక్కించే ఫోమ్ ఇంజెక్షన్, అదీ కుదరకపోతే ఆపరేషన్ అన్నారు. ఇతర చికిత్సలు సరిపడని వాళ్లకే స్టాకింగ్స్ వైద్యమన్నారు. మా డాక్టర్ అది చూపించి చెప్పాకే ధైర్యం వచ్చింది. చీలమండ దగ్గర చర్మం నల్లబడటం కూడా మొదలైంది. దాన్ని వదిలేస్తే పుండు పడొచ్చు.

2022 ఫిబ్రవరిలో కుడి కాలికి లేజర్. మత్తు ఇచ్చి పడుకోబెట్టలేదు. మోకాలి దగ్గర సూదితో సిరలోకి సన్నటి తీగ పంపి, స్కాన్‌లో చూస్తూ గజ్జల కిందిదాకా తీసుకెళ్లారు. సిర చుట్టూ మొద్దుబార్చే మందు కలిపిన సెలైన్ ఎక్కించేటప్పుడు వరుసగా గుచ్చిన సూదులే అన్నిటికన్నా నొప్పి. తర్వాత తీగ లాగుతూ కాలుస్తుంటే నోట్లో ఏదో చేదు రుచి, అంతే. గంటలో నడిపించారు. ‘సిర మూసేస్తే రక్తం ఎలా వెళ్తుంది వదినా?’ అని అందరూ అడుగుతారు. కాలి రక్తంలో తొంభై శాతం దాకా లోపలి పెద్ద సిరలే మోస్తాయి, పాడైన దాన్ని మూస్తే వాటికే మేలు.

ఐదో రోజు నుంచి పది రోజులు తొడ లోపల తీగ లాగినట్టు నొప్పి. మోకాలి కింద మిగిలిన మెలికలకు రెండు నెలల తర్వాత ఫోమ్ చేశారు. అది ఎక్కించిన చోట గోధుమరంగు మచ్చలు పడి, పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. పిక్క పక్కన రూపాయి బిళ్లంత మేర ఇప్పటికీ మొద్దుగానే ఉంది. మొత్తం ఎనభై వేల పైచిలుకు అయింది. నా పాలసీలో వెరికోస్‌కి రెండేళ్ల వెయిటింగ్ అప్పటికే పూర్తి కావడంతో చాలామటుకు బీమాలో వచ్చింది. అందం కోసం చేసే స్పైడర్ వెయిన్స్‌కి మాత్రం ఇవ్వరు.

మూడేళ్ల తర్వాత కుడి కాలు తేలిగ్గా ఉంది. రాత్రి పట్టేయడం లేదు, చర్మం నలుపు పెరగలేదు. ఎడమ కాలికి ఇంకా స్టాకింగే. 2021లో తమిళనాడు దుకాణాల చట్టానికి సవరణ చేసి సిబ్బందికి కూర్చునే వసతి ఉండాలన్నాక మా కౌంటర్ వెనక కూడా స్టూళ్లు వచ్చాయి. కస్టమర్లు లేనప్పుడు కూర్చుని మడమలు ఎత్తుతూ దించుతూ ఉంటాను. ఆ నిమిషాలు ఏ మందుకీ తీసిపోవు.

పోయిన నెల బిల్లింగ్‌లో చేరిన అమ్మాయి పిక్కల మీద నీలం గీతలు చూపించి, నా పాత జత ఒకటి ఇవ్వమంది. ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్నే షట్టర్ తీయకముందు, వాపు లేని వేళ, టేపుతో చీలమండ, పిక్క కొలిచి చీటీ మీద రాసిచ్చాను. దాని కిందే ‘ముందు డాప్లర్, నిలబెట్టి’ అని కూడా రాశాను.