సబ్‌సీ ఇంజనీరింగ్ మాస్టర్స్: హ్యూస్టనా, అబర్డీనా, చెన్నైయా?

మెకానికల్‌లోనో సివిల్‌లోనో బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ వైపు మనసు పోని కుర్రాళ్లు అప్పుడప్పుడూ సబ్‌సీ ఇంజనీరింగ్ మాస్టర్స్ గురించి అడుగుతుంటారు. సముద్రం అడుగున ఉండే ఆయిల్, గ్యాస్ బావుల పరికరాలు, పైపుల ఇంజనీరింగ్ ఇది. చాలామంది ఊహలో డైవింగ్ సూట్ ఉంటుంది. డైవర్ పని వేరు. సబ్‌సీ ఇంజనీరుకు రోజులో ఎక్కువ భాగం ఆఫీసులో కంప్యూటర్ ముందే గడుస్తుంది.

పని ఎలా ఉంటుందో తెలియాలంటే కాకినాడ తీరం చాలు. అక్కడి కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ బ్లాక్ కేజీ-డీ6లో 2020 డిసెంబర్‌లో ఉత్పత్తి మొదలైన ఆర్-క్లస్టర్ బావులు 2,000 మీటర్లకు పైగా లోతులో ఉన్నాయి. అక్కడ నీటి ఒత్తిడి సుమారు 200 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు), ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలు. ఆ గ్యాస్ సముద్రం అడుగున దాదాపు 60 కిలోమీటర్లు ప్రయాణించి ప్లాట్‌ఫామ్‌కు చేరాలి. దారిలో చల్లబడితే, గ్యాస్‌తో పాటు వచ్చిన నీరు దాంతో కలిసి మంచులాంటి హైడ్రేట్‌గా గడ్డకడుతుంది, పైపు పూడుకుపోతుంది. రెండు కిలోమీటర్ల నీళ్ల కిందికి ప్లంబర్‌ను పంపలేం కదా! అందుకే బావి దగ్గరే ఎంఈజీ అనే గ్లైకాల్‌ను కలుపుతారు. ఎంత కలపాలి, ఉత్పత్తి హఠాత్తుగా ఆగితే పైపులో గ్యాస్ ఎన్ని గంటల్లో చల్లారిపోతుంది అని ముందే లెక్క కట్టడాన్ని ఫ్లో అష్యూరెన్స్ అంటారు. దీనికి తోడు బావి తల మీద కూర్చునే వాల్వుల గుత్తి క్రిస్మస్ ట్రీ, అడుగు నుంచి పైకి ఆయిల్, గ్యాస్ తెచ్చే నిలువు పైపులు రైజర్లు, కరెంటు, సిగ్నళ్లు, రసాయనాలు కిందికి మోసే కేబుల్ కట్టలు అంబిలికళ్లు, తుప్పు, కంట్రోల్ సిస్టమ్స్. ఇవన్నీ ఒక్కచోట నేర్పేదే సబ్‌సీ మాస్టర్స్.

అమెరికాలో ఈ పేరుతో మొదట ఎంఎస్ పెట్టింది యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్. 30 క్రెడిట్ల కోర్సు. క్లాసులు ఎక్కువగా సాయంత్రాలే. పాఠాలు చెప్పేవాళ్లలో పగలు కంపెనీల్లో అదే పని చేసే ఇంజనీర్లుంటారు. రైజర్ గురించి వినేది పొద్దున రైజర్ డిజైన్ రివ్యూలో కూర్చుని వచ్చిన మనిషి దగ్గర. నా దృష్టిలో ఆ ఊరికున్న అసలు బలం ఇదే. గల్ఫ్ ఆఫ్ మెక్సికో డీప్‌వాటర్ ప్రాజెక్టుల డిజైన్ ఆఫీసులు అక్కడే ఉన్నాయి. 1969 నుంచి నడుస్తున్న ఆఫ్‌షోర్ టెక్నాలజీ కాన్ఫరెన్స్ జరిగేదీ అక్కడే. స్టెమ్ డిగ్రీ కాబట్టి చదువయ్యాక పని చేసుకోనిచ్చే అనుమతి ఓపీటీ, దాని పొడిగింపు కలిపి మూడేళ్లు పని చేసుకోవచ్చు.

ఇక టెన్షన్ సంగతి. మూడేళ్ల తర్వాత హెచ్-1బి లాటరీ ఉండనే ఉంది. దానికంటే పెద్ద గండం ఆయిల్ ధర. 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్లు దాటి ఉంది, 2016 జనవరికి ముప్పై కిందికి పడింది. మొదట వాయిదా పడేవి ఖరీదైన డీప్‌వాటర్ ప్రాజెక్టులే. సీటు తెచ్చుకున్న రోజు మార్కెట్ ఎలా ఉన్నా, పట్టా చేతికొచ్చే రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఎడ్యుకేషన్ లోన్ వాయిదాకు మాత్రం ఆయిల్ ధరతో పని లేదు.

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో సబ్‌సీ ఎంఎస్సీ ఏడాదిలో అయిపోతుంది. కాబట్టి మొత్తం ఖర్చూ తగ్గుతుంది, ఉద్యోగానికి దూరంగా గడిపే కాలమూ తగ్గుతుంది. ఉద్యోగం వదలకుండా ఆన్‌లైన్‌లో చేసే వీలూ ఉంది. కానీ బ్రిటన్ నార్త్ సీ ఉత్పత్తి 1999లోనే శిఖరం దాటింది. 2024 నవంబర్ నుంచి అక్కడ ఆయిల్, గ్యాస్ లాభాల మీద పన్ను మొత్తం 78 శాతం. కంపెనీలు కొత్త పెట్టుబడి పెట్టడానికి జంకుతున్నాయి. వీసా కూడా బిగుసుకుంటోంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది. ఇలాంటి కోర్సుల్లో చేరేవాళ్లు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్లడం 2024 నుంచే ఆగిపోయింది.

అలాగని అబర్డీన్‌ను కొట్టిపారేయను. అక్కడికి దగ్గర్లోనే, పీటర్‌హెడ్ తీరానికి ఎదురుగా, 2017లో ప్రపంచంలోనే మొదటి ఫ్లోటింగ్ విండ్ ఫామ్ హైవిండ్ స్కాట్లాండ్ మొదలైంది, 30 మెగావాట్లు. తేలే టర్బైన్‌ను కట్టిపడేసే మూరింగ్ గొలుసులు, అలలతో పాటు ఊగే కేబుళ్ల లెక్క రైజర్ లెక్కకు దాయాదే. పాత ప్లాట్‌ఫామ్‌లను విప్పి తీసేసే పని కూడా చాలా ఏళ్లు సాగేదే. విండ్ వైపు వెళ్లాలని గట్టిగా అనుకున్నవాళ్లకు ఇది సరైన ఊరు.

నార్వేలో చదువు ఉచితం అని ఇంకా చెప్పేవాళ్లున్నారు. 2023 నుంచి యూరప్ బయటివాళ్లకు ఫీజు పెట్టారు.

ఐఐటీ మద్రాస్‌ ఓషన్ ఇంజనీరింగ్ ఎంటెక్ పట్టా మీద సబ్‌సీ అనే మాట ఉండదు. ఓడరేవులు, తీర రక్షణ, ఆఫ్‌షోర్ స్ట్రక్చర్స్ పాళ్లు ఎక్కువ, బావి తల మీది పరికరాల పాళ్లు తక్కువ. కానీ గేట్ స్కోర్‌తో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, లక్షల అప్పు ఉండదు. అలల బలం లెక్కలు, ఫెటీగ్ (పదేపదే పడే బలానికి లోహం అలసి పగలడం), స్ట్రక్చరల్ డైనమిక్స్‌లో పునాది గట్టిగా పడుతుంది. మత్స్య-6000 జలాంతర్గామిని తయారు చేస్తున్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ అదే ఊళ్లో ఉంది. ఆఫ్‌షోర్ కంపెనీలైన మెక్‌డెర్మాట్‌కు చెన్నైలో, టెక్నిప్ఎఫ్ఎంసీకి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ ఆఫీసులున్నాయి. ఓఎన్‌జీసీ కృష్ణా-గోదావరి బేసిన్ 98/2 బ్లాక్ నుంచి 2024 జనవరి 7న మొదటి ఆయిల్ వచ్చింది. అంటే మన తీరంలోనూ పని నడుస్తోంది.

అనుభవం లేని ఫ్రెషర్ అప్పు చేసి నేరుగా హ్యూస్టన్ ఫ్లైట్ ఎక్కడాన్ని నేను ఒప్పుకోను. ముందు గేట్ రాయండి. ఎంటెక్ దొరికితే మంచిదే, లేకపోతే ఏదైనా ఆఫ్‌షోర్ డిజైన్ ఆఫీసులో రెండు మూడేళ్లు పని చేయండి. ఆ తర్వాత కూడా మోజు తగ్గకపోతే అప్పుడు హ్యూస్టన్. ఆ పాటికి రెజ్యూమెలో ప్రాజెక్టుల పేర్లుంటాయి, ఇంటర్వ్యూలో చెప్పడానికి విషయం ఉంటుంది. అప్పుడు కూడా ఒక్కటి ఆలోచించండి: హ్యూస్టన్ వర్సిటీలోనే మెకానికల్ ఎంఎస్ చేస్తూ పక్కన సబ్‌సీ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆయిల్ పడిపోయిన ఏడాది పట్టా మీద మెకానికల్ అని ఉంటే పంపుల కంపెనీకో పవర్ ప్లాంట్‌కో అప్లై చేసుకోవచ్చు.