మన జుట్టుకి డ్రెడ్‌లాక్స్ సెట్ అవుతాయా? రెండేళ్లు దాటినాక నా రివ్యూ

సెట్ అవుతాయి, కానీ ఈ తాళ్లలాంటి జడలు మన జుట్టుకి వాటంతటవి నీట్‌గా కట్టవు. ఆఫ్రికన్ జుట్టు సన్నటి రింగులు తిరిగి ఉంటది కాబట్టి మెలేసి వదిలేసినా టైమ్ తీసుకుని లాక్ అయిపోతది, మనలో ఎక్కువమందిది నున్నగా జారే జుట్టు, ఊరికే మెలేస్తే మొదటి తలస్నానానికే విడిపోతది. అందుకే పాయలు తీసి, దువ్వెనతో కొస నుంచి కుదురు వైపుకి ఎదురు దువ్వి చిక్కు చేసి, ఆ చిక్కుని క్రోషే సూదితో (కొసకి కొక్కెం ఉండే అల్లిక సూది) లోపలికి లాగి బిగించే పద్ధతే నేను చేయించుకున్న. సూది 0.5 లేదా 0.75 ఎంఎం ఉందా లేదా కూర్చునే ముందే అడగండి, లావు సూదితో లాగితే వెంట్రుకలు తెగుతాయి. పొద్దున కూర్చుంటే లేచేసరికి చీకటి పడ్డది, మెడ పట్టేసింది, ఆ రాత్రి దిండు మీద తల పెడితే మంట.

పొడుగు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. జుట్టు తనలో తానే చిక్కుపడాలి కదా, అందుకని మొదటి ఏడాది అవి కుంచించుకుపోతాయి, భుజాలు దాటిన నా జుట్టు గడ్డం దాకా వచ్చి ఆగింది. ఆ నెలల్లో లుక్ అస్సలు బాగుండదు, కొన్ని నిక్కబొడుచుకుంటాయి, కొన్ని ఉబ్బుతాయి, పైన హెల్మెట్ పెట్టి తీస్తే ఇంక చూడొద్దు (పాత హెల్మెట్ పట్టదు, ఒక సైజ్ పెద్దది కొన్న).

డ్రెడ్స్ ఉంటే తలస్నానం చేయొద్దు అనేది పచ్చి అబద్ధం. జిడ్డు ఉంటే వెంట్రుక జారుతది, శుభ్రంగా ఉంటేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వారానికోసారి, కండిషనర్, క్రీమ్ గుణం లేని షాంపూ నీళ్లలో కలిపి కుదుళ్లకే పట్టించి బాగా కడిగేస్తా. అసలు పని ఆరబెట్టడం. పైకి ఆరినట్టే ఉంటది, లోపల తడి అట్లనే ఉండి రెండ్రోజులకి ముక్కవాసన మొదలవుతది, లోపల బూజు పట్టిందంటే వదిలించడం చాలా కష్టం, కొందరు ఆ లాక్ (జడకట్టిన పాయ) కోసేసుకుంటారు కూడా. కాబట్టి రాత్రి తలస్నానం బంద్, తడి మీద ముడి బంద్. హైదరాబాద్ ఎండాకాలంలో డాబా మీద గంటలో పని అయిపోతది గానీ జూలై, ఆగస్టు ముసుర్లలో ఒక్కో లాక్‌ని టవల్‌తో పిండి డ్రయ్యర్ పట్టుకుని కూర్చోవాల్సిందే, సెలవు రోజు సగం దానికే పోతది.

మైనం డబ్బాలు అమ్ముతారు, వద్దు. నా ఫ్రెండ్ వాడిండు, కడిగితే పోదు, దుమ్ము, టవల్ పీచు మొత్తం దానికి అంటుకుని లాక్‌లన్నీ బూడిద రంగుకి వచ్చినయి. కొబ్బరినూనె కూడా కొత్తలో వద్దు, ఇది అమ్మకి చెప్పడమే పెద్ద యుద్ధం, తిరుపతి తీసుకపోయి గుండు కొట్టిస్తా అని ఇప్పటికీ అంటది. ఊళ్లో అయితే ఒక పెద్దావిడ నా తల చూసి చెప్పులు విడిచి "ఎల్లమ్మ తల్లి వచ్చిందా బిడ్డా" అని దండం పెట్టబోయింది. మా దిక్కు జడలు కట్టిన తల అంటే శివసత్తులే (దేవత పూనే భక్తురాళ్లు) గుర్తొస్తారు మరి, స్టైల్ కోసం అని చెప్తే నమ్మలే.

కుదుళ్ల దగ్గర కొత్త జుట్టు వదులుగా పెరుగుతది, రెండు మూడు నెలలకోసారి సూదితో లోపలికి లాగితే చాలు. నీట్‌గా కనపడాలని నెలకి రెండుసార్లు టైట్ చేయించుకునేవాళ్లు ఉన్నరు, ఆ లాగుడుకి నుదురు పక్కన జుట్టు పలచబడతది, ఎక్కువ కాలం లాగితే మళ్లీ రాకపోవచ్చు కూడా. నొప్పి పుడుతుంటే ఆపమని చెప్పండి, సిగ్గుపడొద్దు. ఇంకోటి, తలస్నానం అయినాక పక్కపక్క లాక్‌లని కుదురు దగ్గర వేళ్లతో విడదీయాలి, లేదంటే రెండూ కలిసి ఒకటే మొద్దు అయిపోతది.

రోజూ అందరికీ యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి, డ్రెడ్స్‌లో అవి కిందపడవు, లోపలే ఉండిపోతాయి. రేపు విప్పించుకుంటే (కండిషనర్ పోసి కొస నుంచి కొద్దికొద్దిగా దువ్వుకుంటూ రావాలి, రోజులు పడతది) గుట్ట వెంట్రుకలు వస్తాయి, బట్టతల అయిపోయిందని భయపడొద్దు.

నావి ముందువైపు బాగా గట్టిపడ్డయి, మెడ దగ్గరవి మాత్రం ఇంకా మెత్తగానే ఉన్నయి, ఆ జుట్టు ముందు నుంచీ సన్నం. బైక్ మీద ఎక్కువ తిరిగేవాళ్లు, రాత్రి తప్ప తలస్నానానికి టైమ్ దొరకనివాళ్లు పెట్టించుకోకపోవడమే మంచిది. నేనైతే ఇప్పట్లో తియ్య.