వాడేసిన నూనె, గడ్డి, పేడ, చెత్త: వ్యర్థాల ఇంధనాల్లో ఏది మేలు?

వ్యర్థాల నుంచి ఇంధనం తీసే పద్ధతుల్లో ఫ్యాక్టరీ స్థాయి దాకా వచ్చినవి ముఖ్యంగా నాలుగు. వాడేసిన వంటనూనె, పశువుల కొవ్వును హైడ్రోజన్‌తో చర్య జరిపించి డీజిల్, విమాన ఇంధనం చేయడం ఒకటి. గడ్డి, చొప్ప, చెరకు పిప్పి వంటి తిండికి పనికిరాని వాటి నుంచి రెండో తరం ఇథనాల్ తీయడం ఇంకొకటి. పేడ, ఆహార వ్యర్థాలను మగ్గబెట్టి బయోగ్యాస్ పట్టి, దాన్ని శుద్ధి చేసి బయోమీథేన్ తీయడం మూడోది. మునిసిపల్ చెత్తను, కలప ముక్కలను వాయువుగా మార్చి, ఆ వాయువు నుంచి ద్రవ ఇంధనం చేయడం నాలుగోది.

వీటిని పోల్చడం మొదలుపెడితే మాట వెంటనే టెక్నాలజీ మీదికి వెళ్తుంది. గత పదేళ్లలో మూతపడ్డ ప్లాంట్లను వరసగా చూస్తే మాత్రం, వాటిని ముంచింది చాలావరకు ముడిసరుకే అని తెలుస్తుంది. కాబట్టి ఏ ప్రాజెక్టు నివేదిక చేతికొచ్చినా ముందు అడగాల్సినవి రెండే. ఆ వ్యర్థం ఇప్పటికే ఎవరి ఖర్చుతోనో ఒకచోటికి చేరుతోందా, లేక మనమే పొలం పొలం తిరిగి పోగు చేసుకోవాలా? తయారైన ఇంధనాన్ని ఏ చట్టం కొనిపిస్తోంది?

రెండో ప్రశ్నకు కారణం ఉంది. ఈ నాలుగింటిలో ఏదీ ముడిచమురుతో ధరలో నేరుగా పోటీ పడలేదు. గిరాకీ అంతా ప్రభుత్వాలు పెట్టిన తప్పనిసరి వాటాల నుంచే వస్తుంది. యూరోపియన్ యూనియన్ విమాన ఇంధనంలో సుస్థిర ఇంధనం 2025లో 2 శాతం, 2030లో 6 శాతం, 2035లో 20 శాతం, 2050 నాటికి 70 శాతం ఉండాలంది. వాటా తప్పిన సరఫరాదారుకు పడే జరిమానా, సుస్థిర ఇంధనానికీ మామూలు ఇంధనానికీ ఉన్న ధర తేడాకు కనీసం రెండింతలు. రవాణా రంగం మొత్తానికి 2030లో అధునాతన జీవ ఇంధనాలు, పునరుత్పాదక హైడ్రోజన్ ఇంధనాలు కలిపి 5.5 శాతం లక్ష్యం పెట్టింది. ఇలాంటి నిబంధన ఉన్నచోట మార్కెట్ ఉంది, లేనిచోట లేదు.

అయితే చట్టం రాసినంత మాత్రాన ఇంధనం పుట్టదు. 2007లో అమెరికా చేసిన చట్టం 2022 నాటికి ఏటా 1,600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజ్ ఇంధనం (గడ్డి, కలప వంటి పీచు పదార్థాల నుంచి తీసేది) రావాలని లెక్క కట్టింది. అందులో పదో వంతు కూడా రాలేదు. వచ్చిన కొద్దిలోనూ సింహభాగం గడ్డి ఇథనాల్ కాదు, చెత్త దిబ్బల నుంచీ డైజెస్టర్ల (వ్యర్థాలను మగ్గబెట్టే ట్యాంకుల) నుంచీ పట్టిన బయోగ్యాస్. ఈ రంగంలో భవిష్యత్తు గురించి ఎవరు ఏ గ్రాఫ్ చూపించినా, ఈ ఒక్క లెక్కను పక్కన పెట్టుకుని చదవాలి.

నూనె, కొవ్వు: అమ్మడం తేలిక, కొనడం కష్టం

సాంకేతికంగా ఇది అన్నిటికంటే పక్వమైన దారి. నూనెను 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడి, 50 నుంచి 100 బార్ల పీడనం దగ్గర హైడ్రోజన్‌తో ఉత్ప్రేరకం మీదుగా పంపిస్తారు. నూనెలోని ఆక్సిజన్ నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా పోయి తిన్నని హైడ్రోకార్బన్ గొలుసులు మిగులుతాయి. చలికి గడ్డకట్టకుండా వాటిని రెండో రియాక్టర్‌లో శాఖలుగా మలుస్తారు. టన్ను డీజిల్‌కు సుమారు 1.2 టన్నుల నూనె, ఆ నూనె బరువులో 3 నుంచి 4 శాతం హైడ్రోజన్ కావాలి. సీటేన్ సంఖ్య (డీజిల్ ఎంత తేలిగ్గా మండుతుందో చెప్పే కొలత) 70 దాటే ఈ డీజిల్ ఉన్న ట్యాంకుల్లో, ఉన్న ఇంజిన్లలో నడుస్తుంది. పాత పద్ధతి బయోడీజిల్‌ను యూరప్ ప్రమాణాల ప్రకారం మామూలు డీజిల్‌లో 7 శాతానికి మించి కలపలేం. దీనికి ఆ ఇబ్బంది లేదు. విమానాల్లోనైతే 50 శాతం దాకా కలపడానికి అనుమతి ఉంది.

ఫ్యాక్టరీ లోపల వచ్చే చిక్కులన్నీ ముడి నూనె శుభ్రత దగ్గర మొదలవుతాయి. ఫాస్ఫరస్, సోడియం, క్యాల్షియం ఉత్ప్రేరకం రంధ్రాలను పూడ్చేస్తాయి. క్లోరైడ్లు పైపులను తినేస్తాయి. కొవ్వులో కలిసి వచ్చే పాలిథిన్ ఫిల్టర్లను మూసేస్తుంది. అందుకే జిగురు తీసే యూనిట్, బ్లీచింగ్ మట్టితో శుద్ధి చేసే యూనిట్ లేకుండా వాడేసిన నూనెను రియాక్టర్‌కు పంపకూడదు. ప్రీట్రీట్‌మెంట్‌లో పెట్టుబడి తగ్గించి చూపిన ప్రాజెక్టును అక్కడే ఆపేయడం మంచిది. ఉత్ప్రేరకం మార్చడానికి ప్లాంటు ముందుగానే ఆగిపోతే, ఆ ఏడాది లెక్కంతా తలకిందులవుతుంది.

అసలు కొరత బయట ఉంది. ప్రపంచంలో వేయించిన నూనె ఎంత మిగులుతుందో అంతే దొరుకుతుంది. గిరాకీ పెరిగిందని ఎవరూ ఎక్కువ వంట చేయరు. ధర పెరిగితే మాత్రం మోసం పెరుగుతుంది. కొత్త పామాయిల్‌ను వాడేసిన నూనెగా చూపించి అమ్ముతున్నారన్న అనుమానం యూరప్‌ను ఏళ్లుగా వెంటాడుతోంది. 2024 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ చైనా బయోడీజిల్ మీద తాత్కాలిక యాంటీ డంపింగ్ సుంకాలు (మరీ చవగ్గా దించే సరుకును అడ్డుకునే పన్నులు) వేసి, 2025 ఫిబ్రవరిలో స్థిరపరిచింది. 2024 డిసెంబర్ 1 నుంచి చైనా వాడేసిన నూనె ఎగుమతులకు ఇచ్చే 13 శాతం పన్ను వాపసును ఎత్తేసింది. 2025 జనవరిలో ఇండొనేసియా వాడేసిన నూనె, పామాయిల్ మిల్లుల వ్యర్థాల ఎగుమతులను కట్టడి చేసింది. ఆరు నెలల్లోనే మూడు ప్రభుత్వాల నిర్ణయాలు ఒకే ముడిసరుకు మీద పడ్డాయంటే, దిగుమతి మీద ఆధారపడి ఫ్యాక్టరీ కట్టినవాళ్ల పరిస్థితి ఊహించవచ్చు. ఏడాదికి 8.2 లక్షల టన్నుల సామర్థ్యంతో రాటర్‌డామ్‌లో మొదలుపెట్టిన ప్లాంటు పనులను షెల్ 2024 జులైలో నిలిపివేసింది, 2025 సెప్టెంబర్‌లో పూర్తిగా వదులుకుంది.

చట్టాలూ దీనికి గీత గీస్తున్నాయి. వాడేసిన నూనె, కొవ్వుల ఇంధనాలను రవాణా లక్ష్యంలో 1.7 శాతానికి మించి లెక్కించకూడదన్నది యూరప్ పరిమితి. బ్రిటన్ విమాన ఇంధన నిబంధనలో ఈ దారికి ఇప్పుడు పరిమితి లేకున్నా, 2030లో 71 శాతానికి, 2040లో 35 శాతానికి వాటా తగ్గుతుంది. రోడ్డు వాహనాలు విద్యుత్తుకు మారే కొద్దీ ఈ నూనె విమానాల వైపు మళ్లుతుంది. విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ లెక్క ప్రకారం 2024లో సుస్థిర విమాన ఇంధనం మొత్తం విమాన ఇంధనంలో 0.3 శాతమే. అందుకే గిరాకీ గురించి దిగులు అక్కర్లేదు. కానీ డీజిల్ బదులు విమాన ఇంధనం ఎక్కువ తీయాలంటే గొలుసులను ఇంకా విరగ్గొట్టాలి. అప్పుడు నాఫ్తా (పెట్రోలు లాంటి తేలిక ద్రవం), ఎల్పీజీ పాలు పెరిగి దిగుబడి తగ్గుతుంది. ఆ తేడాను అమ్మకం ధరలో కలిపారో లేదో చూడాలి.

గడ్డి ఇథనాల్: సరుకు బోలెడు, మోయడమే భారం

గడ్డికి కొరత లేదు. టన్ను ఎండుగడ్డి నుంచి 250 లీటర్ల దాకా ఇథనాల్ తీయవచ్చు. ఇంత సరుకు ఉండి కూడా నిలిచిన ప్లాంట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అమెరికాలో కాన్సాస్‌లోని అబెంగోవా ప్లాంటు 2014లో తెరిచి 2015లో ఆగింది. అయోవాలోని నెవాడా ఊళ్లో డ్యూపాంట్ ప్లాంటు 2015లో తెరిచి 2017లో మూతపడింది. ఇటలీలోని క్రెషెంటీనో ప్లాంటు 2013లో మొదలై 2017లో ఆగి, చేతులు మారాక 2022లో మళ్లీ నడిచింది. రొమేనియాలో పొదారి దగ్గర క్లారియంట్ కట్టిన ప్లాంటును మూసేస్తున్నట్టు 2023 డిసెంబర్‌లో ప్రకటించారు.

పొదారి లెక్కే తీసుకుందాం. ఏడాదికి 50,000 టన్నుల ఇథనాల్, దానికి 2,50,000 టన్నుల గడ్డి. లారీకి 15 టన్నుల చొప్పున రోజుకు దాదాపు 45 లారీలు, 365 రోజులూ రావాలి. కోత మాత్రం కొన్ని వారాలే. అంటే మిగతా ఏడాది సరుకంతా బేళ్లుగా కట్టి, వాన తగలకుండా, నిప్పు అంటకుండా దాచాలి. 20 శాతానికి మించి తేమ ఉన్న బేలు లోపల్లోపలే వేడెక్కి పాడవుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. పొలం నుంచి వచ్చే మట్టి, ఇసుక కత్తుల నుంచి స్క్రూ ఫీడర్ల దాకా అన్నిటినీ అరగదీస్తాయి. వరిగడ్డిలో సిలికా మరీ ఎక్కువ. పీడనంలో ఉన్న రియాక్టర్‌లోకి పీచు పదార్థాన్ని ఆగకుండా దూర్చడం చాలా ప్లాంట్లను నెలల తరబడి వేధించిన పని. ఆ తర్వాతే రసాయన చిక్కులు మొదలవుతాయి. ఆవిరితో ఉడికించినప్పుడు పుట్టే ఫర్ఫ్యూరాల్, అసిటిక్ ఆమ్లం ఈస్టును అణచేస్తాయి. మామూలు ఈస్టు అయిదు కార్బన్ల చక్కెరలను ముట్టదు. ఎంజైముల ఖర్చు వీటికి అదనం.

భారత్‌లో 2022 ఆగస్టు 10న ప్రారంభమైన పానిపట్ ఇండియన్ ఆయిల్ ప్లాంటు ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్లు తీసేలా కట్టింది. అంటే టన్నుకు 150 లీటర్లు. ప్రయోగశాల అంకెలతో నివేదిక రాసేవాళ్లు ఈ 150ని కూడా ఒకసారి పెట్టి లెక్క చూడాలి.

చెరకు పిప్పి సంగతి వేరు. అది చెరకుతో పాటే మిల్లు గేటు దాటి లోపలికి వచ్చేస్తుంది, రవాణా ఖర్చు పంచదార ఖాతాలో పడుతుంది. బ్రెజిల్‌లో రైజెన్ కంపెనీ 2024లో బోన్‌ఫిమ్ ప్లాంటు ప్రారంభించగలగడానికి ఇదే ఆసరా. ఇంకో విషయం: కార్లు విద్యుత్తుకు మారితే ఇథనాల్‌కు మిగిలేది విమాన మార్గం. కానీ ఇథనాల్‌లోని ఆక్సిజన్‌ను నీరుగా తీసేస్తే బరువులో 60 శాతానికి కాస్త అటూ ఇటూ మాత్రమే హైడ్రోకార్బన్‌గా మిగులుతుంది. ఖరీదైన గడ్డి ఇథనాల్‌కు ఆ తరుగు మోయరానిది.

బయోమీథేన్: చిన్నది, కానీ నిలిచేది

పాతిక టన్నుల పేడ కోసం పాతిక కిలోమీటర్లు పోవడం దండగ. టన్ను పల్చని పేడ నుంచి వచ్చేది 20 నుంచి 25 ఘనపు మీటర్ల బయోగ్యాసే, అందులో మీథేన్ 60 శాతం అనుకుంటే 13 లీటర్ల డీజిల్‌కు సమానం. కాబట్టి ప్లాంటు పశువుల కొట్టాల పక్కనే ఉండాలి. టన్నుకు 100 ఘనపు మీటర్లు దాటే ఆహార వ్యర్థాన్ని ఇంకా దూరం నుంచి తేవచ్చు. పైగా దాన్ని వదిలించుకోవడానికి ఎదుటివాళ్లే డబ్బిస్తారు.

పని తీరు అందరికీ తెలిసిందే: గాలి చొరబడని ట్యాంకు, 37 నుంచి 40 డిగ్రీలు, 20 నుంచి 40 రోజులు. చెడేది ఎక్కువగా తొందరపాటు వల్ల. ట్యాంకులో వేసే రోజువారీ మేత ఒక్కసారిగా పెంచితే ఆమ్లాలు పేరుకుపోతాయి. పీహెచ్ పడిపోయేసరికే ఆలస్యం అవుతుంది కాబట్టి, ఆమ్లాలకూ క్షారతకూ నిష్పత్తిని క్రమం తప్పకుండా కొలవాలి. 0.4 దాటుతుంటే మేత తగ్గించాలి. ఆహార వ్యర్థం ఒక్కటే వేస్తే అమ్మోనియా పెరుగుతుంది, కోబాల్ట్, నికెల్, సెలీనియం వంటి సూక్ష్మ మూలకాలు తగ్గుతాయి. కొంత పేడ కలిపితే రెండూ సర్దుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ట్యాంకులో ఐరన్ క్లోరైడ్‌తో, బయట యాక్టివేటెడ్ కార్బన్‌తో తీయాలి.

గ్యాస్‌ను శుద్ధి చేసే యూనిట్‌ను ధర చూసి ఎంచుకోవద్దు, ఎంత మీథేన్ వదిలేస్తుందో చూసి ఎంచుకోవాలి. నీటితో కడిగే పద్ధతిలో 1 నుంచి 2 శాతం జారిపోతుంది, అమైన్ రసాయనంతో కడిగే పద్ధతిలో 0.1 శాతం దగ్గర ఉంటుంది. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే ఇంచుమించు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఆ కారుడు పెరిగితే ఉద్గారాల ధ్రువపత్రంలో మార్కులు పోతాయి, ధర కూడా పోతుంది. ఇక టన్ను వేస్తే బయటికి దాదాపు 900 కిలోల అవశేషం వస్తుంది. దాన్ని ఎరువుగా తీసుకునే పొలాలు ముందే ఖాయం కాకపోతే ప్లాంటు అయిదారు నెలల్లో తన వ్యర్థంలోనే మునుగుతుంది.

మార్కెట్ వైపు దీనికి ఉన్న బలం, ఒకే సరుకుకు చాలామంది కొనుగోలుదారులు ఉండటం: లారీలు, గ్యాస్ పైపులైన్లు, పరిశ్రమల వేడి. ఒక తలుపు మూసుకున్నా ఇంకోటి తెరిచే ఉంటుంది. డెన్మార్క్ గ్యాస్ వినియోగంలో 40 శాతం దాకా బయోమీథేనే. భారత్ పైపు గ్యాస్, సీఎన్‌జీలో 2025–26 నుంచి కలపాల్సిన వాటా పెట్టి, 2028–29కి 5 శాతానికి చేర్చింది. విమానానికి మాత్రం ఇది నేరుగా పనికిరాదు.

చెత్త నుంచి వాయువు, వాయువు నుంచి ఇంధనం

ఇక్కడ ముడిసరుకు డబ్బు తెచ్చిపెడుతుంది, ఇంధనమూ మేలైనదే. అయినా అమెరికాలో ఫల్క్రమ్ కంపెనీ 2024లో దివాలా తీసింది, కెనడాలో ఎనర్కెమ్ ఎడ్మంటన్ ప్లాంటు అదే ఏడాది ఆగింది. చెత్త రోజుకో రకంగా మారుతుంది, గాజు, లోహం కరిగి గడ్డలు కడతాయి, తారు పైపుల్లో పేరుకుంటుంది. వాయువును ద్రవ ఇంధనంగా మార్చే ఫిషర్ ట్రాప్ష్ ఉత్ప్రేరకానికి మాత్రం సల్ఫర్ వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లకు మించని వాయువు కావాలి. ఇంత మురికి సరుకుకు అంత శుభ్రత సాధించడం ఇప్పటికి ప్రభుత్వ గ్యారంటీలున్న పెద్ద పెట్టుబడిదారుల పని.

మరి ఏది ఎంచుకోవాలి?

పాల సహకార సంఘం, పెద్ద పశువుల ఫారాలు, మురుగునీటి శుద్ధి కేంద్రం, పంచదార మిల్లు చేతిలో ఉన్నవాళ్లకు బయోమీథేన్‌కు మించింది లేదు. రిఫైనరీ ఉన్నవాళ్లకు నూనె దారే మేలు, కానీ కట్టే ముందు కనీసం సగం ముడిసరుకుకు సేకరణదారులతో దీర్ఘకాల ఒప్పందాలు, సేకరణ కేంద్రం దాకా వెళ్లి తనిఖీ చేసిన ధ్రువపత్రాలు ఉండాలి. పిప్పి సొంతంగా లేనివాళ్లు గడ్డి ఇథనాల్ జోలికి వెళ్లకపోవడమే నయం.

గడ్డే ఉన్నవాళ్లకు మాత్రం ఇంకో తోవ ఉంది. మూతపడ్డ డ్యూపాంట్ నెవాడా ప్లాంటును 2018లో జర్మనీ సంస్థ వెర్బియో కొని, మొక్కజొన్న చొప్ప నుంచి బయోమీథేన్ తీసే కేంద్రంగా మార్చింది. అదే సంస్థ 2022లో పంజాబ్‌లోని లెహ్రాగాగాలో వరిగడ్డితో నడిచే ప్లాంటు తెరిచింది. డైజెస్టర్‌లోని సూక్ష్మజీవులకు అయిదు కార్బన్ల చక్కెరా ఆహారమే, ఎంజైములు కొనక్కర్లేదు. గడ్డిని ముందు సన్నగా నలగ్గొట్టాలి, లేకపోతే పైకి తేలి మందమైన తెట్టు కడుతుంది, దాన్ని కలిపే మోటార్లు కాలిపోతాయి. నత్రజని తక్కువ కాబట్టి పేడో కోళ్ల ఎరువో కలపాలి. అడుగున చేరే ఇసుకను తోడేయడానికి డిజైన్‌లోనే దారి పెట్టాలి. బేళ్ల రవాణా, నిల్వ కష్టాలు ఇక్కడా అంతే ఉంటాయి. కానీ ప్లాంటు ఇథనాల్ ఫ్యాక్టరీలో పదో వంతు పరిమాణంలో కట్టినా గిట్టుబాటయ్యే వీలుంది కాబట్టి, 45 లారీల బదులు నాలుగైదు లారీలతో, చుట్టుపక్కల ఊళ్ల గడ్డితోనే సరిపెట్టుకోవచ్చు.