బీచ్‌లో గుర్రం: ఒక రౌండు చాలా, గైడ్‌తో గంట స్వారీ మేలా?

సెలవులకి విశాఖ వెళ్లినా, బాలి వెళ్లినా, కాలిఫోర్నియాలో ఉన్న కూతురి దగ్గరికెళ్లి హాఫ్ మూన్ బే చూడబోయినా, ఇసుకలో గుర్రం కనబడగానే పిల్లలు ఆగిపోతారు. పెద్దవాళ్ల మనసూ అటే లాగుతుంది. అక్కడ మనకు రెండు దారులుంటాయి. ఒకటి ఆర్కే బీచ్‌లోనో చెన్నై మెరీనాలోనో సాయంత్రంపూట దొరికేది. గుర్రం యజమాని పగ్గం పట్టుకుని కొంత దూరం నడిపించి, వెనక్కి తెచ్చి దించేస్తాడు. అదే రౌండు. రెండోది ముందే బుక్ చేసుకుని, గైడ్ వెంట గంటో గంటన్నరో తీరం వెంబడి సాగే స్వారీ. మూడో దారి కూడా ఉంది గానీ చాలామందికి తట్టదు: సొంత ఊళ్లోనే రైడింగ్ స్కూల్‌లో కొన్ని పాఠాలు నేర్చుకుని, ఆ తర్వాత సముద్రం దగ్గరికి వెళ్లడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్లకు గైడ్‌తో స్వారీయే మేలు, దానికి ముందు పాఠాలు కూడా ఉంటే ఇంకా మేలు. రౌండు చిన్నపిల్లల వరకూ సరిపోతుంది, అదీ గుర్రం ఎలా ఉందో మీ కళ్లతో చూసుకున్నాకే. ఇలా అనడానికి మొదటి కారణం గుర్రమే.

రౌండ్ల మీద బతికే గుర్రం సంపాదన రౌండ్ల లెక్క మీదే ఉంటుంది. యజమానిని తప్పుపట్టడం తేలికే గానీ, ఆయన కష్టం కూడా చూడాలి. గుర్రానికి రోజుకి 30 నుంచి 40 లీటర్ల నీళ్లు కావాలి. ఎండాకాలం ఇంకా ఎక్కువ. గడ్డి, దాణా, లాడాలు, పశువుల డాక్టరు, ఇవేవీ వానాకాలంలో జనం రాలేదని ఆగవు. అందుకే సెలవు రోజున దొరికినన్ని రౌండ్లు తిప్పాల్సి వస్తుంది. తిప్పేది ఏ వేళ? జనం కిక్కిరిసిన సాయంత్రం. ఒకపక్క హారన్లు, ఒకపక్క కుక్కలు, బెలూన్లు, వెనక నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లలు. గుర్రానికి సరిగ్గా తన వెనక ఉన్నది కనబడదు. అది బెదిరే జంతువు. అంత రద్దీలో బెదరకుండా నడుస్తోందంటే దాని ఓర్పుకి దండం పెట్టాలి. కానీ ఆ ఓర్పు మీద ఆధారపడి, హెల్మెట్ లేకుండా బిడ్డను ఎక్కించడం నాకు ఇష్టముండదు.

బరువు సంగతి మన దగ్గర ఎవరూ అడగరు. బరువులు లాగే, మోసే జంతువుల కోసం కేంద్రం 1965లో చేసిన నిబంధనల్లో పొట్టి గుర్రం మీద మోపగలిగే బరువుకి పరిమితి 70 కిలోలు. రోజుకి 9 గంటలకు మించి పని చేయించకూడదనీ, ఆపకుండా 5 గంటలకు మించకూడదనీ, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పనే వద్దనీ అందులోనే ఉంది. ముళ్లున్న కళ్లెం వాడకూడదనీ ఉంది. స్వారీ తెలిసినవాళ్లు పాటించే లెక్క మరొకటి: మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 5వ వంతు దాటకూడదు. 300 కిలోల గుర్రమైతే జీనుతో సహా 60 కిలోలు. మన బీచ్‌ల్లో కనిపించేవి చాలావరకు చిన్న గుర్రాలే. 75 కిలోల మనిషి ఎక్కి, ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని ఫోటో దిగుతుంటే ఆ గుర్రం నడుం సంగతి ఎవరు ఆలోచిస్తారు? గైడెడ్ స్వారీలు నడిపే మంచి సంస్థలు మాత్రం ఫోన్‌లోనే మీ బరువు, ఎత్తు, అనుభవం అడుగుతాయి. అడిగినందుకు నొచ్చుకోకండి. అడగని చోటికే వెళ్లకండి.

తర్వాతది ఇసుక. పొడి ఇసుకలో నాలుగడుగులు వేస్తే మన పిక్కలే పట్టేస్తాయి. మనిషిని మోస్తూ నడిచే గుర్రానికి కాళ్లలో కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువుల మీద పడే ఒత్తిడి మరీ ఎక్కువ. అల తాకి వెళ్లిన చోట ఇసుక గట్టిగా, సమంగా ఉంటుంది. నడవడానికి అదే అనువు. ఆ గట్టి ఇసుక వెడల్పుగా బయటపడేది నీరు వెనక్కి తగ్గే ఆటు సమయంలో. రౌండ్లు తిప్పేవాళ్లకు జనం ఉన్న చోటే పని, కాబట్టి రోడ్డు పక్కన పొడి ఇసుకలోనే తిప్పుతారు. తెలిసిన గైడ్ మాత్రం ఆటుపోట్లు చూసుకుని బయల్దేరే వేళ పెడతాడు. ఆటుపోట్లు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అందుకే నిన్న ఆరింటికి బాగున్న తీరం నాలుగు రోజుల తర్వాత అదే వేళకి బాగుండదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు బాగా లోపలికి పోయి, బాగా పైకి వస్తుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. పెద్ద తిథుల్లో విశాఖలో ఈ తేడా దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల హెచ్చరికలు, సముద్రం తీరుతెన్నులు రోజూ ఇస్తుంది. బుక్ చేసే ముందు ఆటుపోట్ల వేళలు ఓసారి చూసుకోండి. సూర్యాస్తమయం టికెట్లే ముందు అమ్ముడుపోతాయి గానీ, ఆ వేళకి పోటు వస్తుంటే మీకు మిగిలేది గట్టు పక్క మెత్తటి ఇసుకే. పైగా మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, అస్తమించేది ఊరి వైపు. ఇక్కడ స్వారీకి తెల్లవారుజామే అందం.

నీటి అంచునే నడవడానికి మరో కారణం తాబేళ్లు. ఆలివ్ రిడ్లేలు మన తీరంలో శీతాకాలం చివర నుంచి వేసవి మొదటి దాకా గుడ్లు పెడతాయి. అవి గూడు తవ్వుకునేది పోటు నీరు అందని పై ఇసుకలోనే.

అలల దగ్గర గైడ్ విలువ ఇంకోలా తెలుస్తుంది. కాళ్ల కింద నీరు వెనక్కి లాగుతుంటే అలవాటు లేని గుర్రం పక్కకి అడుగులేస్తుంది. నురగ చూసి గెంతుతుంది. ముందు నడిచే గైడ్ గుర్రం నిబ్బరంగా ఉంటే వెనకవీ కుదురుగా వస్తాయి. మందలో బతికే జంతువు కదా, తోడుని చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. నడకన గంటకి సుమారు 6 కిలోమీటర్లు సాగుతారు. పది నిమిషాలయ్యాక మీ నడుం గుర్రం నడకకి తగ్గట్టు ఊగడం మొదలవుతుంది. రౌండులో ఆ పది నిమిషాలు రానే రావు. స్వారీ అంటే ఏమిటో తెలిసేది అక్కడే, డబ్బు ఎక్కువైనా గంట కావాలనేది అందుకే.

అయితే గైడ్ ఉన్నంత మాత్రాన అన్నీ మంచివే అనుకోవద్దు. పది, పన్నెండు గుర్రాలను ఒకదాని తోకకి ఒకటి అంటుకున్నట్టు వరసగా నడిపించి, గంట కాగానే వెనక్కి తెచ్చి, చెమట ఆరకముందే తర్వాతి బ్యాచ్‌ని ఎక్కించే చోట్లున్నాయి. అది రౌండుకి పెద్దన్నయ్య, అంతే. నలుగురైదుగురికి మించని బృందం చూసుకోండి. రోజుకి ఒక్కో గుర్రం ఎన్నిసార్లు వెళ్తుందని అడగండి. మొదటిసారి ఎక్కేవాళ్లకి కూడా ‘దౌడు తీయిస్తాం’ అని ఆశ పెడితే అది వదులుకోవాల్సిన చోటు. బాలెన్స్ లేని మనిషి దౌడులో పగ్గాలు పట్టుకుని వేలాడతాడు, ఆ బరువంతా గుర్రం నోటి మీద పడుతుంది. జీను లేకుండా సముద్రంలోకి దింపే స్వారీలు ఫోటోల్లో బాగుంటాయి. కొత్తవాళ్లకి నేను వద్దనే చెబుతాను.

చోటు విషయానికొస్తే, బాలిలో సబా తీరం నాకు నచ్చే ఉదాహరణ. నల్లటి అగ్నిపర్వతపు ఇసుక, దారిలో వరిపొలాలు, ఆగ్నేయం వైపు సముద్రం. గంటకి మన డబ్బుల్లో వేలల్లోనే అవుతుంది. హాఫ్ మూన్ బే శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు. వేసవిలో కూడా మంచు పొగ, చలిగాలి, కాబట్టి స్వెట్టర్ ఉండాలి.

పాఠాల సంగతి. హైదరాబాద్ లాంటి నగరాల్లో రైడింగ్ స్కూళ్లున్నాయి. ఎడమ వైపు నుంచి ఎక్కడం, ఆపడం, తిప్పడం, మడమ కిందికి ఉంచి కూర్చోవడం, ఈ నాలుగూ వచ్చాక సముద్రం దగ్గర మీ చూపు గుర్రం మెడ మీద కాక అలల మీద ఉంటుంది. తొడల నొప్పులు కూడా ఇంటి దగ్గరే తీరిపోతాయి, సెలవు పాడవదు. వీలుంటే ఇదే చేయమంటాను.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొడుగు ప్యాంటు, చిన్న మడమున్న మూసిన బూట్లు, చున్నీ ఉంటే బిగించి కట్టుకోవడం. చెప్పులతో మాత్రం ఎక్కకండి. పాదం రికాబులోంచి (జీనుకి వేలాడే, కాలు పెట్టుకునే ఇనుప రింగులోంచి) అవతలికి జారితే పడ్డాక ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది.

ఏ దారి ఎంచుకున్నా ఎక్కే ముందు రెండు నిమిషాలు గుర్రం దగ్గర నిలబడండి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా? జీను పట్టీ కింద పుండ్లున్నాయా? నడిచేటప్పుడు తల ఎగరేస్తూ కుంటుతోందా? మెడ మీద చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మెల్లగా సర్దుకుంటే దానికి నీళ్లు చాలడం లేదు. అలాంటప్పుడు ఎక్కకండి. యజమానితో గొడవ కూడా వద్దు, నీళ్లు పెట్టమని నెమ్మదిగా అడగండి. అడిగేవాళ్లు పెరిగిన చోట గుర్రాల బాగోగులు మారతాయని నమ్ముతాను.

ఇంట్లో చిన్నపిల్లలూ ఉంటే? గైడ్ స్వారీలకు చాలాచోట్ల కనీస వయసు ఉంటుంది, మరీ చిన్నవాళ్లను తీసుకోరు. అప్పుడు భార్యాభర్తలు వంతులవారీగా పొద్దున్నే స్వారీకి వెళ్లి, పిల్లలకి రద్దీ మొదలవకముందే ఒకే ఒక్క రౌండు, హెల్మెట్ పెట్టి, పక్కన ఒకరు నడుస్తూ తిప్పించండి.