అమ్మానాన్నలతో రెండు రోజులు: సిడ్నీయా, మెల్‌బోర్నా?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే మెల్‌బోర్న్ నడిబొడ్డు సుఖం. అక్కడ ట్రామ్‌కి టికెట్టే అక్కర్లేదు. 35వ నంబరు ట్రామ్ ఊరి మధ్యభాగాన్ని ఉచితంగా చుట్టి వస్తుంది. ఉచిత హద్దులోనే తిరుగుతుంటే మైకీ కార్డు (అక్కడి ప్రయాణ కార్డు) తాకించొద్దు, తాకిస్తే డబ్బులు పోతాయి.

కానీ మొదటిసారి వచ్చినవాళ్లకి మా ఓటు సిడ్నీకే. సర్క్యులర్ కీ రేవు నుంచి మ్యాన్లీ వెళ్లే ఫెర్రీ (ప్రయాణికుల ఓడ) ఎక్కండి, సుమారు అరగంట ప్రయాణం. ఓడ కదిలిన కాసేపటికే ఒపెరా హౌస్ తెల్లటి పెంకులు, వెనకాల వంతెన కమాను ఒకే చూపులో పడతాయి. అడుగు వేయకుండానే ఊరు చూసినట్టు! బయట కూర్చుంటే చలిగాలి కొడుతుంది, శాలువా ఉండాలి. బ్యాంకు కార్డుతోనే ఎక్కొచ్చు, కాకపోతే మనిషికో కార్డు. 

విమానాశ్రయం నుంచి సిడ్నీలో నేరుగా రైలుంది, స్టేషన్ రుసుము అదనం. మెల్‌బోర్న్‌లో బస్సో ట్యాక్సీయో.

గుడి తప్పనిసరి అంటే సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం ఉంది, కారులో దాదాపు గంట. మెల్‌బోర్న్ నుంచి ట్వెల్వ్ అపోస్టల్స్ (సముద్రంలో నిలిచిన రాతి స్తంభాలు) మాత్రం రెండు రోజుల్లో ఇరికించకండి: తీరం వెంట పోవడానికే నాలుగు గంటలకు పైగా పడుతుంది, మలుపులకి కడుపులో తిప్పుతుంది.