పెచ్చులూడిన పెయింట్ మీద వినైల్ ర్యాప్: మూడేళ్లు దాటాక నా కారు ఎలా ఉంది

మా కారుకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా బానెట్ మీద నాణెమంత తెల్లటి మచ్చ కనిపించింది. కడిగితే పోతుందనుకున్నాను. ఆరు నెలలకు అది అరచేయంత అయింది. ఏడాది తిరిగేసరికి బానెట్ సగం, టాప్ ముప్పావు వంతు పెచ్చులు లేచాయి. రంగు పైన రక్షణగా ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ ఊడిపోయి, కింది రంగు వెలిసి, రుద్దితే సుద్దలా చేతికి అంటుకునేది. దీనికి తోడు వెనక తలుపు మీద పొడవాటి గాటు, ఎడమ వెనక చక్రం పైన వంపులో చిన్నగా తుప్పు. ఇంజిన్ మాత్రం దిట్టంగా ఉంది. మొత్తం పెయింట్ కొట్టించడానికి ఎంతవుతుందో కనుక్కున్నాక, ఆ వయసు బండి మీద అంత పెట్టడానికి మనసొప్పలేదు. నేనూ తమ్ముడూ కలిసి సొంతంగా వినైల్ ర్యాప్, అంటే కారు పైభాగమంతా అంటించే పలుచటి రంగు ప్లాస్టిక్ ఫిలిం, వేసుకున్నాం. ఇప్పటికి మూడేళ్ల నాలుగు నెలలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దెబ్బతిన్న పెయింట్‌ను ర్యాప్ కప్పేస్తుందని నమ్మి మొదలుపెడితే డబ్బూ శ్రమా రెండూ పోతాయి. పెయింటర్ చేసినట్టే కిందిదంతా బాగుచేసుకుని, సరిగ్గా రంగు కొట్టే దగ్గర ఆగి, రంగుకు బదులు ఫిలిం వేస్తే మాత్రం తక్కువ ఖర్చులో ఏళ్ల తరబడి నిలుస్తుంది. నా కారు మీద ఈ రెండు రకాల పనీ ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మంచి ర్యాప్ ఫిలిం మందం జిగురుతో కలిపి సుమారు 80 నుంచి 100 మైక్రాన్లు, అంటే మనం ప్రింటర్‌లో పెట్టే కాగితమంత. క్లియర్ కోట్ ఒక్కటే 40, 50 మైక్రాన్లు ఉంటుంది. అది ఊడిన చోట ఏర్పడే మెట్టు ఫిలిం కింద దాగదు. దుప్పటి కింద తాడు ఉంటే తెలిసినట్టు తెలిసిపోతుంది. రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఫిలిం జిగురు పట్టుకునేది కారు రేకును కాదు, అన్నిటికంటే పైనున్న పొరను. ఆ పొరే రేపోమాపో లేచిపోయేదైతే ఎంత ఖరీదైన ఫిలిమైనా దానితోపాటే లేస్తుంది.

అందుకే మొదట టేపు పరీక్ష చేశాం. పెచ్చు అంచు మీద మాస్కింగ్ టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగాలి. బానెట్ మీద అలా లాగితే టేపు వెనక చేప పొలుసుల్లాంటి ముక్కలు వచ్చాయి. బాగుందనుకున్న చోట కూడా, అంచుకు నాలుగు వేళ్ల అవతల దాకా ఊడివచ్చింది. టేపు శుభ్రంగా వచ్చేదాకా జరుగుతూ, ఆ హద్దు పెన్సిల్‌తో గీసుకుని, దాని లోపలున్నదంతా తీసేయాలని తేల్చుకున్నాం.

బానెట్‌కు రెండు రోజులు పట్టింది. 320 నంబరు శాండ్‌పేపర్‌తో పెచ్చు అంచులను వాలుగా అరగదీసి, తర్వాత నీళ్లు పోస్తూ 400, ఆపైన 600. చేయి పెట్టి చూస్తే నాకు నున్నగానే ఉందనిపించింది. తమ్ముడు మాత్రం కళ్లు మూసుకుని వేలి కొసతో తడిమి, "అన్నయ్యా, ఇక్కడ ఇంకా అంచు తగులుతోంది, చూడు" అన్నాడు. నిజమే, గోరు ఆగింది. గోరు ఆగిందంటే ఫిలిం మీద గీత కనపడుతుంది. అప్పటినుంచి గైడ్ కోట్ వాడాం. నల్ల స్ప్రే రంగు దూరం నుంచి తుంపరగా చల్లి, ఆరాక చదునైన బ్లాక్‌కు పేపర్ చుట్టి రుద్దితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. కంటికి ఆనని పల్లాలన్నీ పటం గీసినట్టు బయటపడతాయి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే, అయ్యే ఖర్చేమో ఒక స్ప్రే డబ్బా.

తర్వాత టూ-కే ప్రైమర్, అంటే గట్టిపడేందుకు హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపే రకం, దాని మీద పలుచగా అదే రకం క్లియర్ కోట్. క్లియర్ దాకా వెళ్లాక రంగే కొట్టేసుకోవచ్చుగా అని మీకు అనిపించవచ్చు, మా ఇంట్లోనూ అదే అడిగారు. రంగు కొట్టడంలో కష్టమంతా పైకి కనపడే దగ్గరే ఉంది: షేడ్ కలవాలి, దుమ్ము పడకూడదు, కారకూడదు, చివర్లో మెరవాలి. ఫిలిం కింద ఉండే క్లియర్‌కు ఇవేవీ అక్కర్లేదు. దుమ్ము పడితే రుద్దేస్తాం, కారితే రుద్దేస్తాం, మెరుపుతో పనే లేదు, నున్నగా గట్టిగా ఉంటే చాలు. మాలాంటి చేయి తిరగనివాళ్లకు ఇది చాలా పెద్ద వెసులుబాటు. టూ-కే స్ప్రేలో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు ప్రమాదం. గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఆ పనికి తగిన ఫిల్టర్లున్న మాస్కు, చేతి తొడుగులు కొనండి. డబ్బు మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు. కొట్టాక పూర్తిగా ఆరనివ్వాలి కూడా. లోపల మిగిలిన సాల్వెంట్ ఆవిరై పైకి వస్తే ఫిలిం కింద బుడగలు కడతాయి. మేము పది రోజులు ఆగాం.

వెనక తలుపు దగ్గర ఇంత ఓపిక చూపలేదు. గాటులో పుట్టీ నింపి, రుద్ది, మామూలు స్ప్రే డబ్బా ప్రైమర్ కొట్టి, మర్నాడే ఫిలిం వేసేశాం. పుట్టీ, అలాంటి ప్రైమర్ సన్నటి రంధ్రాలుండే పొరలు. జిగురు వాటిని సరిగా పట్టుకోదు. నాలుగో నెలలో గాటు పొడవునా ఫిలిం పొంగింది. వేలితో నొక్కితే దిగేది, ఎండ తగలగానే మళ్లీ లేచేది. చివరికి ఆ తలుపు ఫిలిం తీస్తే ప్రైమర్ కూడా దానికే అతుక్కుని పొడి పొడిగా వచ్చేసింది. బానెట్‌కు చేసినట్టే మళ్లీ మొదటినుంచీ చేశాం.

తుప్పు విషయం ఇంకా బాధ పెట్టింది. చక్రం పైన కనిపించింది రెండు మూడు ఆవగింజలంత పొక్కులే. పైపైన రుద్ది, నున్నగా అయిందని ఫిలిం కప్పాం. ఎనిమిది నెలలకు అక్కడ బఠాణీ గింజంత ఉబ్బు వచ్చింది. బ్లేడుతో కోస్తే ఎర్రటి నీళ్లు కారాయి. మెరిసే రేకు కనిపించేదాకా గీకాం. మొదట్లో చిటికెన వేలి గోరంత ఉన్న జాగా, పని ముగిసేసరికి అగ్గిపెట్టెంత అయింది. తుప్పు నిరోధక ద్రవం, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద క్లియర్ వేసి ఆ ఒక్క ప్యానెల్‌కు కొత్త ఫిలిం వేశాం. తుప్పు కనబడితే దాన్ని పూర్తిగా తీసేదాకా ఫిలిం జోలికి వెళ్లకండి.

ఫిలిం ఎంపికలో నేను చేసిన తప్పు టాప్ మీద చేశాను. పైకెవరూ చూడరులే అని అక్కడికి చవక రకం, క్యాలెండర్డ్ ఫిలిం తెచ్చాను. మిగతా కారుకు కాస్ట్ ఫిలిం. 3ఎం 2080 సిరీస్, ఎవరీ డెనిసన్ సుప్రీం ర్యాపింగ్ ఫిలిం లాంటివి ఈ కాస్ట్ రకమే. క్యాలెండర్డ్ రకాన్ని వేడి రోలర్ల మధ్య సాగదీసి పలుచన చేస్తారు కాబట్టి అది ఎప్పటికైనా వెనక్కి ముడుచుకోవాలనే చూస్తుంది. కాస్ట్ రకాన్ని ద్రవంగా పోసి ఓవెన్‌లో ఆరబెడతారు, అందుకే అందులో ఆ లాగుడు దాదాపు ఉండదు, వంపుల మీద కుదురుగా కూర్చుంటుంది. ఎండ, వాన సూటిగా పడే టాప్ మీదే బలహీనమైనది వేశానన్నమాట. పద్నాలుగు నెలలకు అంచులు వెనక్కి లాగి నల్లటి జిగురు గీత బయటపడింది. రెండో ఎండాకాలానికి పగిలింది. తీయబోతే గోరంత ముక్కలుగా చిట్లింది, జిగురంతా కారు మీదే మిగిలింది. అది వదలగొట్టడానికి శని, ఆది రెండు రోజులూ పోయాయి. చవకలో మిగిలినదానికంటే జిగురు తీసే ద్రవానికీ మళ్లీ కొన్న ఫిలింకీ ఎక్కువైంది.

రంగు విషయంలో ఒక మాట. గ్లాసీ, అంటే బాగా మెరిసే రకం నమూనా ముక్క బానెట్ మీద వేసి చూస్తే మా రుద్దుడు గీతలు కూడా కనిపించాయి. అదే చోట తక్కువ మెరుపుండే శాటిన్ బూడిద రంగు వేస్తే చాలావరకు కళ్లు గుర్తుపట్టలేదు. కింద మరమ్మతు చేసిన కారుకు గ్లాసీ రకం వద్దు.

అంటించడం గురించి పొడుగ్గా చెప్పను. నీడలో, గాలీ దుమ్మూ లేనిచోట, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచాకే మొదలుపెట్టండి. ఫిలింను ఎక్కువ లాగొద్దు, వేడి చేసి దానంతటదే సర్దుకోనివ్వండి. మడతల్లో, అంచుల్లో చివరిగా హీట్ గన్‌తో ఫిలిం కంపెనీ చెప్పినంత వేడి ఇవ్వాలి, సాధారణంగా అది 90 డిగ్రీలు పైమాటే, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసుకోవాలి. ఈ పని వదిలేస్తే సాగిన చోట ఫిలిం మళ్లీ వెనక్కి వస్తుంది. ముందు బంపర్ మూల మాకు రెండుసార్లు లేచింది. మూడోసారి ఒకే ముక్కతో పట్టుబట్టకుండా రెండు ముక్కలుగా వేశాం, నిలిచింది.

ఇప్పటి స్థితి ఇది. తలుపులు, ఫెండర్లు, డిక్కీ కొత్తలో ఉన్నట్టే ఉన్నాయి. బానెట్ రంగు కాస్త వెలిసింది, ముందు అంచున రాళ్లు తగిలిన చుక్కలున్నాయి, కానీ ఒక్క బుడగ లేదు. రెండు పక్షి రెట్ట మరకలు మాత్రం ఎంత తుడిచినా పోలేదు, వాటిని అదే రోజు కడగాల్సింది. ఒకసారి ప్రెషర్ వాషర్‌ను మరీ దగ్గరగా పెట్టినందుకు తలుపు అంచు లేచింది. ఆ తర్వాత చేత్తోనే కడుగుతున్నాను.

మొత్తం మీద నాకైంది, పెయింట్‌కు చెప్పినదాంట్లో సగానికి కొంచెం తక్కువ, టాప్ రెండోసారి వేసిన ఖర్చుతో కలిపి. అందులో పెద్ద వాటా ఫిలింది కాదు, దాని కింద ఉన్నవాటిది. డిక్కీ మూల కాస్త వేడి చేసి లేపి చూశాను, కంపెనీ పెయింట్ చెక్కుచెదరకుండా ఉంది. బానెట్ దగ్గర అలా లేపే ధైర్యం చేయను. మరమ్మతు చేసిన పొర ఫిలింతోపాటు వచ్చేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ఫిలిం కంపెనీల వారంటీ కూడా అలాంటి పెయింట్‌కు వర్తించదు. అమ్మే ఉద్దేశం ఉన్న బండికైతే ఈ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

నిన్న కడిగేటప్పుడు చక్రం పైన ఆ అగ్గిపెట్టెంత చోటును బొటనవేలితో నొక్కి చూశాను. గట్టిగా, చల్లగా, నున్నగా ఉంది. ప్రతి నెలా ఒకసారి అలా నొక్కి చూస్తూనే ఉన్నాను.